పైరు దప్పికకు పాట మందవుతుందా?

ధ్వని తరంగాలతో బెట్టను తట్టుకునే పంటలు: ప్రయోగశాలలో ఆశ, పొలంలో ప్రశ్న

అనంతపురం ప్రాంతపు మెట్ట రైతుకు ఆకాశం వైపు చూడటం కొత్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానే ఇక్కడి సేద్యానికి ఆధారం. ఆ వాన కూడా వేళకు పడితేనే పంట. ఖరీఫ్‌లో విత్తిన వేరుశనగ పూత దాటి, ఊడలు దిగే దశకు వచ్చేసరికి వాన మొహం చాటేస్తే రైతు గుండె దడదడలాడుతుంది. పట్టపగలు ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. సాయంత్రానికి మళ్లీ విచ్చుకుంటే ఫరవాలేదు. తెల్లవారినా విచ్చుకోకపోతే ఆ చేను చేజారినట్లే. గట్టిపడిన నేలలోకి ఊడ దిగదు. దిగిన ఊడకు కాయ ఊరదు.

అలాంటి పైరుకు నీరు పెట్టడం తప్ప వేరే మార్గం లేదన్నది తరతరాల అనుభవం. అయితే పైరుకు నిర్ణీత స్థాయిలో శబ్దం వినిపిస్తే బెట్టను కొంతకాలం ఎక్కువగా తట్టుకోగలదని కొన్ని దేశాల శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా చెబుతున్నారు. వినడానికి వింతగా ఉన్నా, ఈ విషయంపై దక్షిణ కొరియా, చైనా, స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రసిద్ధ శాస్త్ర పత్రికలలో ఫలితాలు ప్రకటించారు. ఇందులో నిజమెంత, అతిశయమెంత, మన మెట్ట రైతుకు ఒరిగేదేమిటన్నది తెలుసుకోదగిన విషయం.

చిదంబరంలో మొదలైన ముచ్చట

మొక్కలకు సంగీతం వినిపించే ప్రయోగాలకు మన దక్షిణ దేశంలోనే ఒక పెద్ద అధ్యాయం ఉంది. తమిళనాడులోని చిదంబరం వద్ద గల అన్నామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖాధిపతిగా పనిచేసిన డాక్టర్ టి.సి.ఎన్. సింగ్ 1950 దశకంలో ఈ పనికి పూనుకున్నారు. నీటిలో పెరిగే హైడ్రిల్లా మొక్క ఆకును సూక్ష్మదర్శిని కింద ఉంచి, దగ్గరలో శ్రుతిదండాన్ని మ్రోగించగా ఆకు కణాలలోని జీవపదార్థం మరింత వేగంగా ప్రవహించిందని ఆయన పేర్కొన్నారు. తరువాత ఫిడేలు, వేణువు వంటి వాద్యాలతో ప్రయోగాలు సాగాయి. బాల్సమ్ పూలమొక్కలకు ఖరహరప్రియ రాగం వినిపించగా మామూలు మొక్కలకన్న 20 శాతం ఎత్తు పెరిగాయని, 72 శాతం ఎక్కువ ఆకులు వేశాయని ప్రకటించారు. బాల్సమ్, అత్తిపత్తి మొక్కల ఆకుల నిర్మాణంపై ఫిడేలు నాదం ప్రభావాన్ని గురించి స్టెల్లా పొన్నయ్యతో కలిసి 1955లో ఒక పరిశోధనా పత్రం కూడా వెలువరించారు. వరి దిగుబడి 25 నుంచి 60 శాతం దాకా పెరిగిందన్నది ఆయన చెప్పిన మరో మాట.

1973లో అమెరికాలో వెలువడిన ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ ప్లాంట్స్’ అనే పుస్తకం ఈ ప్రయోగాలను ప్రపంచమంతటా చాటింది. అదే ఏడాది డొరొతీ రెటలాక్ అనే అమెరికన్ మహిళ మొక్కలు శాస్త్రీయ సంగీతం వైపు వంగుతాయని, రాక్ సంగీతం వినలేక వాడిపోతాయని మరో పుస్తకం రాశారు. పాఠకులు ముచ్చటపడ్డారు గాని వృక్షశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. వారి అభ్యంతరం సంగీతం మీద కాదు, ప్రయోగం జరిపిన తీరు మీద. పాట వినిపించిన కుండీకి ఎండ, నీరు, మట్టి, మనిషి ఆలనాపాలనా అన్నీ రెండో కుండీతో సరిసమానంగా అందాయా? లౌడ్ స్పీకర్ నుంచి వెలువడే వేడి లెక్కలోకి తీసుకున్నారా? ఇతరులు అదే ప్రయోగం చేస్తే అదే ఫలితం వచ్చిందా? ఈ ప్రశ్నలకు సరైన సమాధానాలు లభించలేదు. దానితో చాలాకాలం పాటు ఈ విషయం ఎత్తడానికే శాస్త్రజ్ఞులు జంకారు.

పరిణామ సిద్ధాంతకర్త డార్విన్‌కు సైతం ఈ కుతూహలం తప్పలేదు. తన కుమారుడు ఫ్రాన్సిస్ చేత ఒక మొక్క దగ్గర బసూన్ అనే వాద్యాన్ని ఊదించి చూశారు. మొక్క చలించలేదు. దానిని ఆయనే వెర్రి ప్రయోగాల జాబితాలో వేసుకున్నారు. వానపాములపై 1881లో రాసిన పుస్తకంలో మాత్రం ఒక చక్కని సంగతి చెప్పారు. బసూన్ మోతను లక్ష్యపెట్టని వానపాములు, తమ కుండీని పియానో మీద పెట్టి మీట నొక్కగానే బొరియలలోకి దూరాయట. అంటే వాటికి చెవులు లేవు, అదురు మాత్రం తెలుస్తుంది. మొక్కల విషయంలోనూ నేటి పరిశోధకులు చెబుతున్నది దాదాపు ఇదే.

చెవులు లేవు, అదురు తెలుసు

శబ్దమంటే గాలిలోనో, నీటిలోనో, నేలలోనో ప్రయాణించే ఒత్తిడి తరంగం. అది ఆకును తాకినప్పుడు ఆకు కంటికి కనిపించనంత సూక్ష్మంగా కంపిస్తుంది. కణపు పైపొరలో సాగుదలకు, ఒత్తిడికి తెరుచుకునే సన్నని ద్వారాలు ఉంటాయి. వాటి గుండా కాల్షియం లోనికి ప్రవేశించి, కణానికి సంకేతమవుతుంది. దానిని అనుసరించి కొన్ని జన్యువులు మేల్కొంటాయి, కొన్ని నిద్రపోతాయి. గాలి తాకిడికి, వాన చినుకులకు, చేతి స్పర్శకు సైతం మొక్కలలో జన్యువులు స్పందిస్తాయని 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించారు. ధ్వని కూడా అలాంటి తాకిడే, కాకపోతే చాలా సున్నితమైనది.

మొక్క అన్ని శబ్దాలనూ ఒకే తీరుగా తీసుకోదని కూడా రుజువైంది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో హైడీ అపెల్, రెక్స్ కోక్రాఫ్ట్ 2014లో ప్రకటించిన ప్రయోగం ఇందుకు తార్కాణం. ఆవ జాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఆకులకు, గొంగళిపురుగు ఆకు నమిలేటప్పుడు పుట్టే కంపనాలను యంత్రంతో అందించారు. ఆ తరువాత నిజంగా పురుగు పడినప్పుడు ఆ మొక్కలు పురుగుకు గిట్టని ఘాటు రసాయనాలను మరింత ఎక్కువగా తయారు చేసుకున్నాయి. గాలి కంపనాలను, హాని చేయని మరో కీటకం కూతను అందించినప్పుడు అలా జరగలేదు. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన లిలాక్ హదనీ బృందం 2019లో మరో విశేషం వెల్లడించింది. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ జాతి పూలకు తేనెటీగ రెక్కల రొద వినిపించిన మూడు నిమిషాలలోనే పూదేనెలో చక్కెర 12-17 శాతం నుంచి 20 శాతానికి పెరిగింది.

వేర్ల సంగతీ ఇలాంటిదే. పైపులో పారే నీటి చప్పుడు వైపు బఠానీ వేర్లు సాగాయని మోనికా గాగ్లియానో బృందం ఆస్ట్రేలియాలో 2017లో ప్రకటించింది. అయితే పక్కనే నిజమైన తేమ దొరికినప్పుడు వేర్లు చప్పుడును వదిలి తేమ వైపే పోయాయి. మొక్కకు కావలసింది నీరేగాని నీటి పాట కాదన్న మాట.

కొరియా వరి, స్పెయిన్ చిరుమొక్క

బెట్ట విషయానికి వస్తే, దక్షిణ కొరియా వ్యవసాయ శాస్త్రజ్ఞుల కృషి ముఖ్యమైనది. అక్కడి మి-జియాంగ్ జియాంగ్ బృందం 2008లో వరి మొక్కలకు వేర్వేరు స్థాయిల శబ్దాలు వినిపించి జన్యువులను పరిశీలించింది. సెకనుకు 125, 250 ప్రకంపనలుండే శబ్దానికి ఆహార తయారీకి సంబంధించిన రెండు జన్యువులు చురుకెక్కాయి. 50 ప్రకంపనల గంభీర ధ్వనికి అవే జన్యువులు మందగించాయి. ఇక్కడ రాగం లేదు, తాళం లేదు. సెకనుకు ఎన్ని కంపనాలన్నదే లెక్క.

ఆ బృందమే 2014లో వరికి నీరు ఆపి చూసింది. సెకనుకు 250 నుంచి 1500 దాకా ప్రకంపనలు గల శబ్దాలను వేర్వేరు మొక్కలకు వినిపించింది. 800, అంతకు మించిన ప్రకంపనలు అందిన మొక్కల ఆకులలో తేమ ఎక్కువగా నిలిచింది. కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగం అంతగా చెడలేదు. బెట్టలో కణాలను దహించే హైడ్రోజన్ పెరాక్సైడ్ తక్కువగా పుట్టింది. ఒక చిక్కుముడి మాత్రం మిగిలింది. ఈ మొక్కల ఆకు రంధ్రాలు మామూలు మొక్కల కన్న ఎక్కువగా తెరుచుకుని ఉన్నాయి. రంధ్రాలు తెరిచి ఉంచితే నీరు ఆవిరి కావాలి. అయినా ఆకులో తేమ ఎలా నిలిచిందన్న దానికి పూర్తి సమాధానం దొరకవలసి ఉంది.

స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఇద్దరు పరిశోధకులు 2017లో అరబిడాప్సిస్ మొక్కలతో ఇలాంటి ప్రయోగమే చేశారు. రెండు వారాల పాటు శబ్దం వినిపించి, ఆ తరువాత నీరు ఆపారు. శబ్దం విన్న మొక్కలలో సుమారు నాలుగోవంతు బతికి బట్టకట్టాయి. నిశ్శబ్దంలో పెరిగిన మొక్కలలో బతికినవి ఎనిమిదోవంతుకు కాస్త పైన. బతికినవి రెట్టింపు కావడం సామాన్యం కాదు. అదే సమయంలో, శబ్దం విన్నా మూడువంతుల మొక్కలు ఎండిపోయాయన్నది మరువరాని విషయం.

శబ్దం వల్ల మొక్కకు కొత్తగా నీరు రాదు. మొక్కకు అది ఒక తేలికపాటి హెచ్చరిక వంటిదని పరిశోధకుల భావన. చిన్న తాకిడికి అలవాటుపడిన మొక్క రక్షణ ఏర్పాట్లు ముందుగానే చేసుకుంటుంది. ఆనక పెద్ద కష్టం వచ్చినప్పుడు త్వరగా లొంగదు.

చైనాలో పొలం దాకా

చైనాలో ఈ విద్య ప్రయోగశాల దాటి పంటల దాకా వెళ్లింది. అక్కడి హౌ తియాన్‌జెన్ తదితరులు మొక్కలకు అనువైన శబ్దం వినిపించే యంత్రాలను రూపొందించి, పాలిథీన్ గృహాలలోను, ఆరుబయట చేలలోను పరీక్షించారు. క్యాప్సికమ్ మిరపలో 30 శాతం, దోసలో 37 శాతం, టమాటలో 13 శాతం దిగుబడి పెరిగిందని వారి నివేదికలు చెబుతున్నాయి. వరిలో పెరుగుదల 5.7 శాతమేనని, గోధుమలో 17 శాతమని తెలిపారు. ఇవన్నీ యంత్రాన్ని రూపొందించిన వారు, వారి సహచరులు ఇచ్చిన లెక్కలు. పైగా మూసి ఉన్న గృహాలలో నీరు, ఎరువు వేళకు అందుకున్న పంటల మాట అది. పంట బెట్టకొచ్చిన మెట్టచేను మాట వేరు.

ఎకరం చేనుకు ఎన్ని స్పీకర్లు?

కుండీలో నెగ్గిన పని చేనులో నెగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న. శబ్దానికి ఒక గుణం ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ దాని తీవ్రత సుమారు ఆరు డెసిబెల్లు పడిపోతుంది. స్పీకర్‌కు మీటరు దూరంలో 100 డెసిబెల్లున్న మోత రెండు మీటర్ల వద్ద 94, నాలుగు మీటర్ల వద్ద 88, ముప్పై రెండు మీటర్ల వద్ద 70 మాత్రమే అవుతుంది. ఎకరం చేను చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్ల దాకా ఉంటుంది. చేనంతటికీ ఒకే తీవ్రతతో శబ్దం అందాలంటే ఒకటి రెండు స్పీకర్లు చాలవు. గాలి వీచే దిక్కు, పైరు ఎత్తు కూడా లెక్కలోకి వస్తాయి. అయిదెకరాల వేరుశనగ రైతుకు ఆ ఖర్చు, కరెంటు ఎక్కడ నుంచి వస్తాయి?

మనుషుల మాట సరేసరి. శబ్ద కాలుష్య నియంత్రణకు కేంద్రం 2000లో చేసిన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లకు మించరాదు. 85 డెసిబెల్ల మోతలో రోజూ ఎనిమిది గంటలు పనిచేసినా క్రమేణా వినికిడి దెబ్బతింటుంది. కలుపు తీసే కూలీల చెవి పక్కన గంటల తరబడి 100 డెసిబెల్ల మోత పెట్టడం ఎంతమాత్రం తగదు. శబ్దానికి బెదిరి పురుగులను తినే పక్షులు చేను విడిచిపోతే మొదటికే మోసం.

దాహం వేస్తే టక్కుటక్కు

మొక్కకు శబ్దం వినిపించడం ఒక ఎత్తయితే, మొక్క చేసే శబ్దాన్ని వినడం మరో ఎత్తు. నిజానికి మెట్ట రైతుకు పనికివచ్చే అంశం ఇందులోనే ఎక్కువగా కనిపిస్తోంది.

వేరు పీల్చిన నీరు కాండంలోని సన్నని గొట్టాల గుండా తెగని దారం వలె ఆకు దాకా సాగుతుంది. పైన ఆకు నుంచి నీరు ఆవిరవుతుంటే కింది నీటిని అది పైకి లాగుతుంది. నేలలో తేమ తగ్గిన కొద్దీ ఆ దారం బిగుసుకుంటుంది. బిగువు హద్దు మీరితే దారం తెగి, ఆ చోట బుడగ ఏర్పడుతుంది. ఆ గొట్టం ఇక నీరు మోయదు. ఆ తెగే క్షణంలో చిన్న ‘టక్’ మనే శబ్దం పుడుతుంది.

ఈ శబ్దాన్ని పట్టిన తొలినాటి ప్రయోగాలలో ఒకటి మనకు బాగా తెలిసిన ఆముదం మొక్క మీద జరిగింది. బ్రిటన్‌కు చెందిన మిల్బర్న్, జాన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1966లో ఆముదం ఆకు వాడిపోతుండగా దానిలో పుట్టే కంపనాలను సున్నితమైన పరికరంతో గుర్తించి ప్రకటించారు. వేరుశనగలో కందితోపాటు అంతరపంటగా వేసే ఆముదం మొక్క దాహం వేసినప్పుడు చప్పుడు చేస్తుందన్న సంగతి మన రైతులలో ఎందరికో తెలియకపోవచ్చు.

లిలాక్ హదనీ బృందం 2023లో ఒక అడుగు ముందుకు వేసింది. టమాట, పొగాకు మొక్కలకు ఏమీ తగిలించకుండా నాలుగు అంగుళాల దూరంలో మైకులు ఉంచింది. నీరందని టమాట మొక్క గంటకు 30 నుంచి 50 దాకా టక్కులు చేసింది. నీరు చాలినంత ఉన్న మొక్క గంటకు ఒక్కటి కూడా చేయలేదు. ఈ శబ్దాలు సెకనుకు 40 వేల నుంచి 80 వేల ప్రకంపనల మధ్య ఉంటాయి. మనిషి చెవి 20 వేలకు మించి వినలేదు కనుక అవి మనకు అందవు. ఆకు కంటికి వాడినట్లు కనిపించక ముందే టక్కులు పెరగడం, మొక్క పూర్తిగా ఎండేసరికి తగ్గిపోవడం గమనార్హం.

బోరులో నీరు సన్నగిల్లిన రైతుకు ఏ మడికి ఈ రోజు డ్రిప్ వదలాలి, దేనిని రేపటికి ఆపవచ్చునన్నది ప్రతి ఉదయం ఎదురయ్యే ప్రశ్న. కల్యాణదుర్గం, మదనపల్లె ప్రాంతాల టమాట రైతుకు ఆ టక్కులను విని చెప్పే చవక పరికరం దొరికితే అది నిజమైన మేలు. అయితే గాలి హోరు, మోటారు చప్పుడు, పురుగుల రొద నడుమ ఆరుబయట చేనులో ఆ టక్కును వేరుచేసి వినడం కష్టసాధ్యమైన పని. శాస్త్రజ్ఞులు చూపినది మూసిన పెట్టెలలోను, పాలిథీన్ గృహంలోను మాత్రమే.

ఉరుముకు పుట్టగొడుగు

ఉరుము ఉరిమితే పుట్టగొడుగు మొలుస్తుందని మన పల్లెలలో అనడం కద్దు. జపాన్‌లోని ఇవాతే విశ్వవిద్యాలయం దీనిని పరీక్షించి, పుట్టగొడుగుల దుంగలకు క్షణకాలం అధిక విద్యుత్తు తగిలిస్తే కొన్ని జాతుల దిగుబడి పెరుగుతుందని కనుగొంది. అక్కడ తాకించినది మోతను కాదు, విద్యుత్తును. పాత మాటలో నిజం ఉండవచ్చు గాని అది ఎక్కడ దాగి ఉందో పరీక్షించి చూస్తేగాని తేలదు. మొక్కలు, పాటల సంగతీ అంతే.

కొనే ముందు అడగవలసినవి

కరవు ప్రాంతంలో ఆశను అమ్ముకునే వారికి కొదవ ఉండదు. ఒక బోరు ఎండితే మరో బోరు, అదీ ఎండితే ఇంకోటి వేసి అప్పుల పాలైన కుటుంబాలు ఇక్కడ ప్రతి ఊరిలోనూ కనిపిస్తాయి. రేపు ఎవరైనా ‘పైరుకు పాట’ యంత్రం తెచ్చి చూపిస్తే, అది ఏ పంట మీద, ఏ నేలలో, ఎన్ని పంటకాలాలు పరీక్షించినదో రైతు అడిగి తెలుసుకోవాలి. సెకనుకు ఎన్ని ప్రకంపనలు, ఎన్ని డెసిబెల్లు, రోజుకు ఎంతసేపన్నది రాతపూర్వకంగా ఇవ్వమనాలి. తయారు చేసినవారు గాక మరెవరు పరీక్షించారన్నది అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న. దీనికి జవాబు లేకుంటే డబ్బు తీయకపోవడమే మేలు.

ఆ పరీక్ష చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు. అనంతపురం వద్ద రేకులకుంటలోను, కదిరిలోను వ్యవసాయ పరిశోధనా స్థానాలున్నాయి. బెట్టను తట్టుకునే కదిరి-6, కదిరి-9 వంటి వేరుశనగ రకాలు కదిరి నుంచి వచ్చినవే. ఒకే నేలలో, ఒకే విత్తనంతో, ఒకే రోజున కొన్ని మడులు వేసి, సగం మడులలో మ్రోగే స్పీకర్లు, మిగతా సగంలో అదే ఆకారంలో మూగ పెట్టెలు ఉంచాలి. ఏ మడి ఏదో తెలియని వారి చేత కాయలు తూయించాలి. మూడు ఖరీఫ్‌లు ఇలా చేస్తే వేరుశనగకు ధ్వని పనికివస్తుందో రాదో తేలుతుంది. పనికిరాదని తేలినా నష్టం లేదు. రైతు ఒక వృథా ఖర్చు తప్పించుకుంటాడు.

అంతవరకు బెట్టకు మందు మనకు తెలిసినదే. వాలుకు అడ్డంగా దుక్కి, పొలంలో సేద్యపు కుంట, వేరుశనగలో కంది వంటి అంతరపంట, బెట్టను ఓర్చుకునే విత్తనం, ఊడలు దిగే వేళకు ఒక్క రక్షక తడి. వీటికి తోడుగా ధ్వని ఏనాటికైనా చేరితే సంతోషమే. వీటిని మానుకుని దాని కోసం ఎదురుచూడటం మాత్రం మబ్బును చూసి కుండలో నీళ్లు ఒలకబోసుకున్నట్లే అవుతుంది.